కుండకు తొడిగిన మాస్కు

నా గురక సంగతి ముందు నేనే చెప్పేస్తాను. లేకపోతే మా ఆవిడ చెబుతుంది, ఆవిడ చెబితే పరువు దక్కదు. ఒక ఏడాది తుపాను కబురేమీ లేకుండానే మా రేవులో పడవలన్నీ ఇసక మీదికి లాగేశారు. సముద్రం పొంగుతోందనుకున్నారు. తీరా చూస్తే నేను అరుగు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. నమ్మకపోతే మీ ఇష్టం. నేను చెప్పే వాటిలో ఇదొక్కటే నిజమని మా బామ్మర్ది ధనరాజు కూడా ఒప్పుకున్నాడు.

గురకకి అందరూ నవ్వేవారు. మా ఆవిడ నారాయణమ్మ మాత్రం నవ్వేది కాదు.

"గురకెడతంటే నాకు బయ్యం నేదు మావా. ఆగిపోతాది సూడు, అప్పుడు బయ్యం. మళ్లీ ఎత్తుకునే దాకా ఒకటీ రెండూ అని లెక్కెడతాను."

"ఎంతదాకా వస్తాదే నీ లెక్క?"

"ఒకపాలి నలబై దాకా వచ్చినాది. ఆపైన నాకు అంకెలు రావు."

మా రేవు నౌపడ ఉప్పు మడులు దాటి సముద్రం వైపు వస్తే తగులుతుంది. నలభై ఏళ్లు పడవ వెనక కూర్చుని చుక్కాని పట్టినవాణ్ణి. నీటి రంగు చూసి లోతు చెప్పేవాణ్ణి, లోతు చూసి చేప చెప్పేవాణ్ణి, చేపని చూసి దాని మేనమామ పేరు చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి ఈ ఏడు ఏప్రిల్ మొదటి వారంలో, పట్టపగలు పదకొండు గంటలకి, చుక్కాని చేతిలో ఉండగానే నిద్రపోయాను. పడవ తిన్నగా పక్క పడవ త్రినాథ్ వేసిన వల మీదికి పోయింది. వల ఇంజను ఫ్యానుకి చుట్టుకుంది. పడవ పక్కకి ఒరిగి ధనరాజు నీళ్లలో పడ్డాడు. నీళ్లలోంచి తల పైకెత్తి అతను నన్నన్న మాట ఇక్కడ రాయను.

ఒడ్డుకి రాగానే ధనరాజు చుక్కాని కర్ర ఊడదీసి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికిరా దాన్ని?"

"మా ఇంటికి. నీ నిద్దర సంగతి తేల్చుకుని రా బావా, అప్పుడిస్తాను."

"ఒరే, నలబై ఏళ్లనుంచి పడతన్నానురా!"

"అందుకే కదేటి, నలబై ఏళ్ల నిద్దరా ఒక్కపాలే కమ్ముకొచ్చినాది."

ఆ చుక్కాని లేకపోతే నేను ఎవరిని? వలలు అల్లే ముసలాళ్ల పక్కన ఇంకో ముసలాణ్ణి. అందుకే మారు మాట్లాడకుండా శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లాను. ఒళ్లంతా వైర్లు అతికించి ఒక రాత్రి పడుకోబెట్టారు. పొద్దున్న ఆ పరీక్ష చేసే అమ్మాయి సింధూరి కాగితం పట్టుకొచ్చింది.

"తాతా, నిద్దట్లో గంటకి నలబై ఒక్కసారి మీ ఊపిరి ఆగిపోతన్నాది. అందుకే పగలు కునుకు."

"నానూ ఒకటికి పది సెప్పేవోణ్ణే తల్లీ. నువ్వు నన్ను మించిపోనావు."

ఆ పిల్ల నవ్వి, లంచ్‌బాక్సంత మిషను ఒకటి చేతిలో పెట్టింది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి తొడిగే మాస్కు. మిషను గాలి నెడుతూ ఉంటుందట, గొంతు మూసుకుపోకుండా. రోజుకి నాలుగు గంటలకి తగ్గకూడదట. ఎన్ని గంటలు వేసుకున్నదీ లోపల ఉన్న కార్డు రాసుకుంటుందట.

నాతోపాటు వచ్చి వెనక నిలబడ్డ ధనరాజు చెవులు రిక్కించాడు. "ఐతే ఆ కార్డు సెప్పాలి. బావ సెప్తే సెల్లదు. యేట మళ్లీ మొదలయ్యే నాటికి కార్డు సరేనంటే సుక్కాని ఇచ్చేత్తాను."

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట నిషేధం. సముద్రం గుమ్మం ముందే ఉంటుంది, వెళ్లడానికి లేదు. అరవై ఒక్క రోజులు. ఎంతలోకి, అనుకున్నాను.

మొదటి రాత్రే తేలిపోయింది. ఆ మాస్కుకి గుడ్డ వార్లు, ఒకదానికొకటి అంటుకునే రకం. అంటుకునేదాన్ని నమ్మి గాలిలోకి ఎవడైనా వెళతాడా? వాటిని పీకేసి వలకి కట్టే నైలాను తాడు తెచ్చి, లంగరుకి వేసే ముడి తల వెనక వేశాను. మిషను ఆన్ చేస్తే గాలి ముక్కులోకి పోకుండా పక్కనుంచి జారి కళ్లలోకి కొట్టింది. ఇంకా బిగించాను. ఇంకా కొట్టింది. ముక్కు దూలం మీద చర్మం లేచిపోయింది. ముప్పావుగంట ఓర్చుకుని ఊడబెరికి పారేశాను.

రోజూ ఇదే వరస. చాప గదిలో వేస్తాను, పెరట్లో వేస్తాను, అరుగు మీద వేస్తాను. ఏ చోటా కన్ను అంటుకోదు. లేచి ఇసకలోకి పోతాను. బోర్లించిన పడవల చుట్టూ తిరిగి, మా పడవ వెనక చుక్కాని కర్ర ఉండాల్సిన ఖాళీ కన్నంలో వేలు పెట్టి చూసి, మళ్లీ ఇంటికొస్తాను. మళ్లీ పోతాను. ఆ నెల నేను నడిచిన నడక సాపు చేస్తే కాశీ వెళ్లి, గంగలో మునిగి, తల ఆరేలోపు తిరిగి రావచ్చు.

"కాలు కాలిన పిల్లిలాగ ఏటా తిరుగుడు? తొంగో మావా."

"తొంగుంటే ఊపిరాగిపోతాది, నెగిస్తే నిద్దరాగిపోతాది. నన్నేటి సెయ్యమంటావే?"

పగలు కూర్చున్నచోటే తూగేవాణ్ణి. ధనరాజు వస్తూ పోతూ నా తూగు లెక్కపెట్టుకునేవాడు.

మే నెల వచ్చేసరికి నాకో తెలివి పుట్టింది. గంజి వంచే చిన్న మట్టికుండ మూతి సరిగ్గా మాస్కుకి సరిపోయింది. తాడు బిగించి కట్టి, మిషను ఆన్ చేసి, కుండని తలగడ మీద పడుకోబెట్టాను. గాలి చుక్క కారలేదు. కుండ హాయిగా పడుకుంది. నేను ఇసకలో తిరిగాను.

మే రెండో ఆదివారం ఆసుపత్రి మేడ మీద మాస్కులవాళ్ల సమావేశం ఉందని సింధూరి ఫోను చేసింది. కార్డు కూడా తెమ్మంది. నారాయణమ్మ వచ్చింది, పిలవకుండానే ధనరాజూ వచ్చాడు. అక్కడ పదిమంది దాకా ఉన్నారు, ఎవరి సంచిలో వాళ్ల గొట్టం. పాముల్ని ఆడించేవాళ్ల సభలా ఉంది. సింధూరి నా కార్డు కంప్యూటర్లో పెట్టింది.

"తొమ్మిది రాత్రులు, ఆరేసి గంటలు! బాగున్నాది తాతా."

నేను మీసం దువ్వి ధనరాజు వైపు చూశాను.

"కానీ ఈ ఆరేసి గంటల్లో మీరు ఒక్కసారి కూడా ఊపిరి తియ్యలేదు."

గదిలో గొట్టాలన్నీ నావైపు తిరిగాయి.

"ఊపిరి బిగబట్టడం నాకు కొత్తేటి తల్లీ?" అన్నాను. "ఒకపాలి లంగరు రాయి సందున ఇరుక్కుపోతే నీటడుక్కి దిగినాను. దిగి అక్కడ..."

"ఆరు గంటలా తాతా?"

"కుండ," అంది నారాయణమ్మ వెనకనుంచి. "గంజి కుండకి తొడిగినాడు. నాను సూసినాను. తనే సెప్తాడేమోనని ఊరుకున్నాను."

ధనరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. అబద్ధాలాడి నవ్వించడం నాకు అలవాటు. అబద్ధమాడి ఒకణ్ణి మెట్లు దింపడం అదే మొదలు.

అప్పుడు ముందు వరసలోంచి బొద్దుగా, తెల్లచొక్కాలో ఉన్న ఒకాయన లేచాడు. బొబ్బిల్లో కిరాణా కొట్టు సావుకారు, పేరు సీతారామారావు. కాటా పళ్లెంలో చింతపండు వేస్తూ వేస్తూ నిద్రపోయి, ఆ పళ్లెం మీదే తల వాల్చిన మనిషని తరవాత తెలిసింది.

"నేను కుంకుడుకాయల బస్తాకి పెట్టానండి," అన్నాడు. "గాలి నిలవలేదు. కుండ నాకు తట్టలేదు సుమండీ!"

అందరూ ఘొల్లుమన్నారు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే నీలవేణి అయితే కళ్లు తుడుచుకుంటూ, "నాను మా ఆయనకి తొడిగీసినాను. ఆడికే బాగా నిద్దరట్టినాది," అంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వొచ్చాక కూర్చోవాలనిపించింది.

సావుకారు నా పక్కన కూర్చుని మాస్కు చేతిలోకి తీసుకున్నాడు. "ఇదేటండి, ఈ తాడు?"

"లంగరు ముడి. గాలికి ఊడిపోకుండా."

"మీకు గాలి సంగతి తెలుసు కదండి. నాకు తెలిసిన గాలి గోనెసంచి దులిపితే వచ్చేదే. సముద్రమ్మీద గాలిని ఎలాగ పడతారు?"

అడిగితే నేను ఆగుతానా? "మా అయ్య కాలంలో ఇంజన్లెక్కడివి, తెరసాపే. ఒకపాలి మా సిన్నాయన సాపని నాలుగు మూలలా బిగించి కట్టీసినాడు. బల్లలాగైపోనాది. గాలి పక్కనుంచి జారిపోతాది గాని పడవ కదల్దు. 'ఓరి సవటా, బిగిస్తే గాలి పడతాదేటిరా' అని మా అయ్య తిట్టినాడు. నాను తాడు వదులు సేసినాను. అంతే! సాప పొట్ట ఉబ్బినాది. ఎంత ఉబ్బినాదంటే పడవ నీటినొగ్గి లేచిపోనాది. కింద సేపలు తలెత్తి సూసినాయి. వదులు సేస్తేనే గదా గాలి..."

అక్కడ ఆగిపోయాను.

"ఊఁ, తర్వాత?" అన్నాడు సావుకారు, నిజంగానే తెలియనట్టు.

నేను మాస్కు అంచు తడిమి చూశాను. చేప పొట్టలో గాలితిత్తి ఉంటుంది చూడండి, అంత పల్చటి రబ్బరు. నెల రోజులుగా దాన్ని నేను బల్ల చేసి పెట్టాను. అది ఉబ్బితేగాని మొహానికి అతుక్కోదు.

సావుకారు నా తాడు విప్పేసి, సంచిలోంచి అదనపు గుడ్డ వార్లు తీసి తగిలించాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మిషను ఆన్ చేసి, గాలి వస్తుండగా వార్లు ఒక్కొక్కటే సర్దాడు. "వారు కింద రెండు వేళ్లు దూరాలండి. కూర్చుని కాదు, పడుకునే కట్టుకోవాలి." గాలి కళ్లలోకి కొట్టడం మానేసింది.

"పగలు కూడా కాసేపు పెట్టుకుని రేడియో వినండి," అంది నీలవేణి. "మొకానికి మాలిమి అవుతాది."

ఆ మర్నాటి నుంచి పొద్దున్న ఆరింటికి, కొట్టు తెరవకముందు, బొబ్బిలి నుంచి సావుకారు ఫోను, రాత్రి మాస్కు ఎన్ని గంటలని.

"ఎన్ని?"

"రెండు."

"నాకు ఐదు. పెట్టేస్తన్నాను."

అంతే మాట. ఒక రోజు మూడు, ఒక రోజు మళ్లీ ఒకటి. ఒక రోజు పీకి మూల పారేశానని చెబితే, "మూలనుంచి తీశారా?" అని అడిగాడు. తీశానన్నాను. పెట్టేశాడు. పగలు అరుగు మీద మాస్కుతో కూర్చుంటే దారినపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "మా ఇంటి యినాయకుడు. సవితి పండక్కి ముందే వచ్చీసినాడు," అనేది నారాయణమ్మ. తొండం తగిలించుకుని ఉన్నాను, ఏమని తిడతాను?

మే ఆఖరికి నాలుగు దాటింది. ఇసకలో తిరగడం తగ్గింది గాని కాళ్లలో గుబులు తగ్గలేదు. రోజులు దగ్గర పడుతున్నాయి. ధనరాజు ఇంకా మాట్లాడడంలేదు. జూన్ రెండో ఆదివారం సమావేశానికి వస్తాడో రాడో అనుకున్నాను, వచ్చాడు. సింధూరి కార్డు చూసి, "పన్నెండు రాత్రులు నాలుగు గంటలు పైనే. ఊపిరి కూడా తీశారు తాతా," అంది.

"కుండ కాదు కదా?" అన్నాడు ధనరాజు. నెల రోజుల తరవాత అతని నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

"కుండ పగిలిపోనాది," అంది నారాయణమ్మ. "నానే పగలగొట్టినాను."

నిషేధం ఆఖరి రాత్రి ఈదురుగాలి కొట్టింది. స్తంభం ఒరిగి ఊరంతా కరెంటు పోయింది. మిషను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. మాస్కు తీసి ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. కునుకు పడితే గొంతు మూసుకుపోయి, ఉలిక్కిపడి లేవడం. అరగంటకోసారి అదే.

ఇంకా చీకటుండగా రేవులోకి వెళ్లాను. పడవలకి పసుపు పూసి, పూలు కట్టారు. ధనరాజు చుక్కాని కర్ర నూనె రాసి తెచ్చాడు. రెండు చేతులతో నాకు చాచాడు.

"పట్టు బావా."

చేతులు వాటంతటవే లేచాయి. బలవంతాన కిందికి దించాను.

"ఇయాల నువ్వు పట్టరా. కరెంటు నేదు. నాకు నిద్దర నేదు."

"కరెంటు ఎవుడికున్నాది? మేవంతా రాలేదేటి? అరవై రోజులు ఈ కర్రకోసం పడవ సుట్టూ తిరిగినావు, నాను సూడలేదనుకున్నావా?"

"మీకు నిద్దరొకటే పోనాది. నాకు ఊపిరాగుతాదిరా."

పడవ చుట్టూ ఉన్నవాళ్లంతా కాసేపు అలాగే నిలబడ్డారు. మిగతా కథ కోసం. నా కథల్లో వచ్చే తిమింగలం ఎప్పుడొస్తుందా అని.

"అంతే," అన్నాను. "ఇంకేటీ నేదు."

ఆ రోజు పడవ ముందు భాగంలో కూర్చున్నాను, వల అందిస్తూ. నలభై ఏళ్లలో ముందు కూర్చోవడం అదే మొదలు. అక్కడినుంచి చూస్తే వెనక కూర్చున్నవాడు ఎంత చిన్నగా కనిపిస్తాడో! ధనరాజు కూడా ఒకటికి రెండుసార్లు నావైపు చూశాడు, మేలుకుని ఉన్నానా అని. మేలుకునే ఉన్నాను. కూర్చోలేక, లేవలేక, ఆ కర్ర వైపు చూడలేక. ఒడ్డుకి రాగానే ఫోను మోగింది.

"పొద్దున్నంచి చేస్తన్నానండి. ఎన్ని?"

"సున్నా. కరెంటు పోనాది. సుక్కాని వద్దనీసినాను."

అవతల కాటా పళ్లెం ఒకటి గలగలమంది.

"ఈ మాట కుండ చెప్పిందా, మీరు చెప్పారా?"

"నానే."

"అయితే సరే. రేపు ఆరింటికి చేస్తాను," అని పెట్టేశాడు.

సాయంత్రానికి స్తంభం నిలబెట్టారు. పెందరాళే పడుకున్నాను. మర్నాడు రేవుకి వెళ్లేసరికి ధనరాజు పడవ వెనక కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎన్ని గంటలని అడగలేదు. లాంతరు ఎత్తి నా మొహం చూశాడు. రెండు చెంపల మీదా మాస్కు వార్ల అచ్చులు, ముక్కు చుట్టూ ఒక గుండ్రటి గీత. అప్పుడే నిద్రలేచిన మొహానికి తప్ప అవి ఉండవు.

లాంతరు దించి, పక్కకి జరిగాడు.

"ఎక్కు బావా, బేగి. నీటి పోటు తిరిగిపోతాది."

ఎక్కాను. కర్ర పట్టుకున్నాను. ఒడ్డు దాటి, అలలు దాటి, మళ్లీ ఒడ్డుకొచ్చేదాకా ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ రోజు పడ్డ చేప ఎంత పొడవంటారా? దాని తల మా రేవులో ఉంటే తోక బొబ్బిల్లో సావుకారు కొట్టు తలుపు తట్టింది, ఆరయిందండీ అని.