ఎలుకలు దేనితో చచ్చినట్టు?

మా కూతురు విజయమ్మకు కొడుకు పుట్టిన తొమ్మిదో రోజున నేను ఇంట్లో ఎలుకల మందు పెట్టాను. పెట్టకుండా ఎలా ఉంటాను? ఆ ఏడు పల్లికాయ బాగా పండింది. గుమ్మి నిండిపోతే మిగిలింది గోనెసంచుల్లో పోసి మూలకు నిలబెట్టాం. ఆ వాసనకు ఊళ్ళో ఉన్న ఎలుకలన్నీ మా ఇంటికే వచ్చాయి. పసిపిల్లల మూతికి పాలవాసన ఉంటుందని, ఎలుకలు వచ్చి పెదవులు కొరుకుతాయని కోడేరులో మా పెద్దమ్మ చెప్పేది. ఎవరి పిల్లను కొరికాయో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మనుమడు పుట్టిన దగ్గర్నుంచి నా కళ్ళకు వాడి పెదవులే కనబడుతున్నాయి.

ఇంట్లో మగదిక్కు లేదు. మా ఆయనా, అల్లుడూ ఇద్దరూ తుంగభద్ర ఆనకట్ట మట్టిపనికి వెళ్ళారు. నేను, బాలింత, రెండేళ్ళ మనుమరాలు రూతు, పసివాడు, ఇంతే మేము. మిషను బడిలో నాలుగో తరగతి చదివానని ఊళ్ళో ఎవరికి జాబు వచ్చినా నా దగ్గరికే తెస్తారు గాని, ఎలుకను ఎట్లా చంపాలో ఆ బడిలో చెప్పలేదు. వీపనగండ్ల సంతకు వెళ్ళి బాబు మియా అంగడిలో అడిగాను.

"అక్కా, ఇది పాషాణం. బెల్లమనుకునేవు! చెయ్యి నోట్ల పెట్టకు. ఇంట్ల పిల్లలుంటే జర పైలం," అన్నాడాయన పొట్లం కడుతూ.

ఆ మాటతో నా ప్రాణం సగం పోయింది. పొట్లాన్ని కొంగున కట్టుకోవడానికి భయమేసి, ఒక కట్టె కొసకు కట్టి, పామును పట్టుకొచ్చినట్టు రెండు కోసుల దూరం పట్టుకొచ్చాను. జొన్నపిండిలో కలిపి ఏడు ఉండలు చేసి, పగిలిన కుండపెంకుల మీద పెట్టి, గుమ్మి వెనక, సంచుల సందుల్లో తోశాను.

"అవ్వా, రూతు దొరికిందల్లా నోట్ల పెట్టుకుంటది," అంది విజయమ్మ.

"నేను చూస్తుంటలే. నువ్వు పండుకో," అన్నాను.

మూడో రోజు పొద్దున గుమ్మి ముందర ఒక ఎలుక పడి ఉంది. మరునాడు రెండు పడ్డాయి. ఒకటి పొయ్యి దగ్గర, ఒకటి గడప మీద. నాకు పండుగైనంత సంతోషమైంది. చీపురుతో పక్కకు నెట్టి, ఎత్తి పారేద్దామనుకునేలోగా హుసేన్‌బీ వచ్చింది. మా పక్కింటామె. మా విజయమ్మకు కాన్పు చేసిందీ ఆమే, రోజూ వచ్చి పసివాడికి నీళ్ళు పోసేదీ ఆమే. చేతిలో చెంబుతో గడప దాటబోయి ఆగిపోయింది.

"ఎస్తేరక్కా, ఎలుక పడ్డదా?"

"పడ్డది. నిన్నొకటి, ఇయ్యాల రెండు."

చెంబు అక్కడే పెట్టేసింది. "మా ఇంట్ల గుడ పొద్దుగాల ఒకటి పడ్డది. నేను ఎవ్వరికి చెప్పలే," అని గొణిగి, నా మొహం చూడకుండా వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

అప్పుడు గాని నాకు తట్టలేదు. వాగు అవతలి ఊళ్ళో ముగ్గురికి చంకల్లో గడ్డలు లేచాయని వారం నుంచి చెప్పుకుంటున్నారు. ప్లేగు వచ్చే ముందు ఎలుకలు పడతాయి. ఎలుకలు పడితే ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకోవాలి. నా చిన్నప్పుడు ఒకసారి అలాగే వెళ్ళాం. చేలో చలికి మా చెల్లెలు పోయింది. అది చంటిపిల్ల. వెళ్ళకుండా ఊళ్ళోనే ఉండిపోయిన మా మేనమామ ఇంట్లో నలుగురు గడ్డలు లేచి పోయారు. ఏది మంచిదో మా అమ్మ చచ్చేదాకా చెప్పలేకపోయింది.

అంబలి తాగే పొద్దుకల్లా పటేలు వచ్చాడు. మా వాకిట్లోకి రాకుండా, దూరంగా చింతమొద్దు దగ్గర నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెనక సగం ఊరు ఉంది.

"ఏమే ఎస్తేరూ, ఎన్ని పడ్డయి?"

"మూడు, పటేలా."

"హుసేన్‌బీ ఇంట్ల ఒకటి. నాలుగాయె. పొద్దు గూకకముందే అందరు ఇండ్లు ఇడిచి చేండ్లకు పోవాలె. గుడిసెలకు చొప్ప నేనిప్పిస్త."

క్రిస్మస్ వెళ్ళిన వారం అది. పొద్దెక్కినా వణుకు పోని చలి. లోపల పసివాడు తుమ్మాడు. ఆ తుమ్ము వినగానే నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"పటేలా, నేను మందు పెట్టిన! పాషాణం తెచ్చి పెట్టిన. అవి మందు తిని సచ్చినయి. ప్లేగు గాదు, ఏం గాదు!"

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. పటేలు రుమాలు తీసేశాడు. "ముందుగాల చెప్పొద్దూ? ఊరంత పరేషాన్ చేస్తివి గదనే!" అని తిడుతూనే నవ్వాడు.

"మరి నా ఇంట్ల పడ్డదో?" అని హుసేన్‌బీ అడిగింది.

"ఈడ తిని ఆడికొచ్చి సచ్చింది. నీ ఇంటికి నా ఇంటికి నడుమ ఉన్నది ఒక్క గోడే గద!" అన్నాను.

ముసలి బాలన్న చేతికర్ర ఎత్తి, "ఎస్తేరమ్మ మందు పెట్టబట్టి గట్టెక్కినం. లేకుంటే ఈ సలిల నా బొక్కలు చేన్లనే ఉండేటివి," అన్నాడు. మూటలు కట్టుకున్నవాళ్ళు విప్పుకున్నారు. నేను ఊరిని కాపాడినట్టే ఇంట్లోకి వచ్చాను.

విజయమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అవ్వా, నన్ను తిట్టకు. ఆ ఉండలు లేవు."

"లేకపోవుడేంది?"

"నువ్వు పెట్టిన నాడే తీసి పారేసిన. నువ్వు నీళ్ళకు పోయినవు, రూతు గుమ్మి ఎనకకు పాకింది. నాకు పాణం ఆగలే. చెయ్యి పెట్టి అందినయన్ని తీసి, మోదుగాకుల చుట్టి, పెంటల పాతేసిన. చెప్తె లొల్లి జేస్తవని చెప్పలే."

నేను పరుగెత్తి వెళ్ళి పెంటకుప్ప కట్టెతో తవ్వాను. మోదుగాకు దొరికింది. విప్పి చూస్తే నాలుగు ఉండలున్నాయి. ఏ పన్ను పడలేదు, ఏ గోరు గీరలేదు. నాలుగే ఉన్నాయి!

"నువ్వు తీసింది ఎన్ని?" అని అరిచాను.

"తెల్వదు. సీకట్ల చేతికందినయి తీసిన. ఎంచలే."

అయితే మూడు గుమ్మి వెనకే మిగిలి ఉండాలి. సంచులన్నీ జరిపి చూశాను. పెంకులున్నాయి, వాటి మీద ఏమీ లేదు. మూడు ఉండలూ ఎలుకలే తిన్నాయన్నమాట! హమ్మయ్య అనుకున్నాను. వెంటనే రూతు గుర్తుకొచ్చి దాని నోరు తెరిచి వాసన చూశాను. అది కిలకిలా నవ్వి నా వేలు కొరికింది. మూడు రోజులైంది, పిల్ల బాగానే ఉంది, అది తినలేదు. మరి మూడు ఉండలకు నాలుగు ఎలుకలు ఎలా చచ్చాయి? ఒక ఉండ రెండు తిన్నాయేమో. లేక చీమలు తినిపోయాయేమో. పాషాణం చీమలు తింటాయా? తిని చస్తే చచ్చిన చీమలు కనబడవా? వంగి నేలంతా వెతికాను. రెండు చచ్చిన చీమలు కనబడ్డాయి గాని, చీమలు ఊరికే కూడా చస్తాయి కదా.

మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాను. "ప్రభువా, మమ్మల్ని..." అన్నాను. ఊళ్ళో ఉంచమని అడగాలో, బయటికి పంపమని అడగాలో తెలియక అక్కడే ఆగిపోయాను.

మరునాడు బాలన్న కొట్టంలో ఇంకో ఎలుక పడింది. మూడు ఉండలు, ఐదు ఎలుకలు. బాలన్న మాత్రం తోక పట్టుకుని ఊపుకుంటూ మా వాకిలి ముందుకే తెచ్చాడు.

"ఎస్తేరమ్మా, నీ మందు మస్తుగున్నదే! ఈ లెక్కన పటేలు ఇంట్లవి గుడ సస్తయి," అని నవ్వుతూ వెళ్ళి కాల్చేశాడు.

నేను నవ్వలేదు. లోపలికి వచ్చి పసివాడి చంకలు చూశాను, గజ్జలు చూశాను. మెత్తగా ఉన్నాయి. రూతువి చూశాను. విజయమ్మవి చూడబోతే చెయ్యి తోసేసింది. ఏదో మెడ కింద తగిలిందనుకుని నావి నేను నాలుగుసార్లు చూసుకున్నాను. అది ఎప్పటి నుంచో ఉన్న పులిపిరి.

ఆ మధ్యాహ్నం హుసేన్‌బీ తన కూతురు మెహబూబీని, ఆమె ఇద్దరు పిల్లల్ని బండి దింపి ఇంట్లోకి తీసుకెళుతూ కనబడింది. మెహబూబీని వాగు దగ్గరి పల్లెలో ఇచ్చారు.

"ఆడ భయమున్నదని ఈడికి పిలిపిచ్చిన," అంది హుసేన్‌బీ గోడ మీదుగా. "నీ మందు మాట ఇని ధైర్నమొచ్చిందక్కా. ఖుదా నిన్ను సల్లగ జూడాలె."

మెహబూబీ చిన్నపిల్ల గోడ దగ్గర నిలబడి నావైపు చూసింది. దాని చేతిలో పల్లికాయలున్నాయి. నా మనుమడు చలికి పోకూడదని నేను అన్న ఒక్క మాట మీద ఆ పిల్ల ఈ ఊళ్ళోకి వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని పటేలు ఇంటికి నడిచాను.

పటేలు అరుగు మీద కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"పటేలా, నిన్న నేను చెప్పిన మాట... నాకు తెల్వదు."

"ఏం తెల్వదు?"

"ఎలుకలు దేనితో సచ్చినయో నాకు తెల్వదు. మందు పెట్టింది నిజమే. మా బిడ్డ తీసి పారేసింది. అన్ని తీసిందో, కొన్ని మిగిలినయో దానికి తెల్వదు. కొన్ని తిన్నట్టున్నయి, తిననట్టున్నయి."

ఆయన పుల్ల కింద పడేశాడు. "నిన్న మందంటివి. ఇయ్యాల తెల్వదంటివి. రేపేమంటవు? నేను ఊరికి ఏం చెప్పాలె? ఒక్క మాట చెప్పు. ఉండాల్నా, పోవాల్నా?"

"నాకు తెల్వదు పటేలా."

"ఛీ! సదువుకున్నవని నీ మాట ఇన్న సూడు," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను తిరిగి వచ్చేసరికే ఆ మాట నాకంటే ముందు ఇంటికి చేరింది. హుసేన్‌బీ వాకిట్లో నిలబడి ఉంది.

"అక్కా, నా బిడ్డను, దాని పిల్లలను పిలిపిచ్చుకున్న. సాఫ్‌గ చెప్పు. ప్లేగా, మందా?"

"తెల్వదే."

"తెల్వకుంటే నువ్వేం చేస్తవు? గదన్న చెప్పు!"

అప్పటిదాకా నేనేం చేస్తానో నాకూ తెలియదు. లోపల పసివాడు ఏడుస్తున్నాడు. చెల్లెలి మొహం గుర్తుకు రావాలని చూశాను, రాలేదు. మేనమామ ఇంటి తలుపుకు అడ్డంగా వేసిన ముళ్ళకంప మాత్రం గుర్తుకొచ్చింది.

"నేను చేనుకు పోత," అన్నాను.

"ఇరవై దినాలు గుడ నిండని పిల్లగాన్ని తీస్కొని?"

"తీస్కొనే పోత."

ఆమె నన్ను చాలా తిట్టింది. తెలుగులో కొన్ని, తురకంలో కొన్ని తిట్టింది. నా నోరు పడిపోవాలంది. తిడుతూనే లోపలికెళ్ళి బొంతలు మూట కట్టింది. పొద్దు గూకకముందే మా రెండిళ్ళవాళ్ళం చొప్ప గుడిసె వేసుకున్నాం. మరునాటికి ఊళ్ళో సగం ఇళ్ళు చేలకు వచ్చాయి. మిగతా సగం పటేలుతో పాటు ఊళ్ళోనే ఉన్నారు. బాలన్న ఎడ్లను వదలనని కూర్చున్నాడు.

చేలో ఉన్న ఆ ఇరవై రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. హుసేన్‌బీ తవుడు వేయించి గుడ్డలో మూటకట్టి పసివాడి పాదాలకు కాపడం పెట్టేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాడి చంకలు చూసేదాన్ని. వాడికి జలుబు చేసింది. జలుబు చేస్తే చలి అనుకుని భయం, ఒళ్ళు వెచ్చబడితే ప్లేగు అనుకుని భయం. ఒళ్ళు చల్లగా ఉన్నా, వెచ్చగా ఉన్నా ఏడ్చేదాన్ని. బాలన్న రోజూ పొద్దున గట్టు మీదికి వచ్చి, "ఎస్తేరమ్మా, సూడు, ఇయ్యాల గుడ సావలే!" అని అరిచి వెళ్ళేవాడు. ఆ అరుపు ఆలస్యమైన రోజు మాత్రం ఆడవాళ్ళమంతా గట్టు వైపే చూస్తూ కూర్చున్నాం.

ఎవరికీ గడ్డలు లేవలేదు. చేలో ఉన్నవాళ్ళకు లేదు, ఊళ్ళో ఉన్నవాళ్ళకూ లేదు. సూదులు వేసే డాక్టరు గుర్రబ్బండి మీద వచ్చి, చచ్చిన ఎలుక ఒక్కటైనా చూపిస్తే చెబుతానన్నాడు. అన్నీ కాల్చేశాం కదా.

"మందే అయ్యుంటది," అని కొందరు నన్ను తిట్టారు. "చేన్లకు రాబట్టి బతికినం," అని కొందరు అన్నారు. తిట్టినవాళ్ళ మాటా నిజంలాగే ఉంది, మెచ్చుకున్నవాళ్ళ మాటా నిజంలాగే ఉంది.

ఇరవై ఒకటో రోజున ఇళ్ళకు వెళ్ళాలన్నారు. పసివాడిని ఎత్తుకుని వాకిలి దాకా వచ్చి నేను ఆగిపోయాను. ఇల్లు బాగుందో లేదో ఎవరు చెబుతారు? వాడిని హుసేన్‌బీ చేతికిచ్చి, ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. తలుపు బార్లా తెరిచి, గుమ్మి పక్కన నేల మీద కూర్చుని చెవులు రిక్కించాను. చప్పుడు లేదు. ఒక్క ఎలుకైనా బతికి ఉంటే ఈ గాలి మంచిదే. ఒక్కటీ లేకపోతే? చాలాసేపు కూర్చున్నాను. వాకిట్లో విజయమ్మ రెండుసార్లు పిలిచింది, పలకలేదు.

సంచుల మూలన గీరుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీరింది. పల్లికాయ పొట్టు పటుక్కుమంది.

"ఉన్నయే హుసేన్‌బీ!" అని అరుస్తూ బయటికి వచ్చాను. "ఎలుకలున్నయి! బతికే ఉన్నయి!"

హుసేన్‌బీ పసివాడిని భుజాన వేసుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఉన్నయని ఏడిస్తివి. సచ్చినయని ఏడిస్తివి. ఇప్పుడు మళ్ళ ఉన్నయని నవ్వుతున్నవు. నీతోని ఏగేదెట్లనే తల్లీ?"

విజయమ్మ మంచం లోపలికి వేసింది. పసివాడిని తీసుకుని నా పక్కన పడుకోబెట్టుకున్నాను. సంచుల మూలన అది ఇంకా నములుతూనే ఉంది. వాడి మూతి మీద పాల చుక్క కనబడితే కొంగుతో తుడిచి, ఆ పెదవుల మీద నా అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు ఆగినప్పుడల్లా మళ్ళీ వినబడే దాకా ఊపిరి బిగబట్టాను.