నీలం ఉన్ని దారం

రెండో గుడారం దొర తెల్లచొక్కా ఒకటి కనబడలేదు. ఈ విడిదిలో బట్టలుతికేది నేనే, ఇస్త్రీ చేసేదీ నేనే. అందుకని దొంగనూ నేనే అయ్యాను.

"అంబుయా, రేపు ఆయన విమానం ఎక్కేలోగా చొక్కా దొరక్కపోతే నువ్వు మీ ఊరెళ్లిపో," అన్నాడు మేనేజరు న్జోవు. అంబుయా అంటే అవ్వ, ఇక్కడందరూ నన్నలాగే పిలుస్తారు.

"పదకొండేళ్లలో ఒక్క చేతిరుమాలు పోగొట్టానా, బ్వానా?"

"చేతిరుమాలు ఎవరడిగారిప్పుడు?"

గుడారాలు సర్దే తిసిలీలె కిసుక్కున నవ్వింది. దాని మీదా అనుమానం వచ్చింది నాకు. పడవ నడిపే దాని మొగుడికి కొత్త చొక్కాలంటే మహా మోజు.

కానీ అసలు అనుమానం అయిదో గుడారం ముసలావిడ మీద. అందరూ జీపులెక్కి సింహాల కోసం పోతే, ఈవిడ ఒక్కతీ కూచుని నదిలో నీటిగుర్రాల్ని చూస్తుంది. రెండో గుడారం ఎప్పుడు ఖాళీ అవుతుందని రోజూ అడుగుతుందట. దాంతో ఈవిడకేం పని?

"దిండు కింద మగవాళ్ల చొక్కా దాచింది, అంబుయా," చెవిలో ఊదింది తిసిలీలె. "నన్ను పక్క ముట్టుకోనివ్వదు."

"మొగుడేడీ?"

"లేడు. నీలాగే ఒంటికాయ శొంఠికొమ్ము."

మర్నాడు పొద్దున్నే ఆవిడ టీకి వెళ్లగానే దిండు ఎత్తాను. తెల్లచొక్కా. గుండీ కన్నంలో నీలం దారం, నా రెండు పేటల ముడి!

ఒక్కో గుడారం బట్టలకి ఒక్కో రంగు దారం కడతాను, ఇచ్చేముందు తెంపేస్తాను. నీలం రెండో గుడారానిది. దొంగ దొరికిందని చొక్కా చంకలో పెట్టుకుని బయల్దేరాను.

దారిలో మళ్లీ చూశాను. బొగ్గుల ఇస్త్రీ తగలకుండా ఏ బట్టా నా చేతిలోంచి పోదు. తడిబట్టల్లో ఈగలు గుడ్లు పెడతాయి మరి, ఆ వేడికే చస్తాయి. ఈ చొక్కా మాత్రం నలిగి, ఏళ్లుగా నీళ్లెరగనట్టుంది. దారం కూడా ఈ ఏటిది కాదు, ఉన్ని. మా అమ్మాయి జెలీపా స్వెట్టరుది.

జెలీపా బస్సెక్కి కిట్వే పట్నం వెళ్లింది. తిరిగొచ్చింది ఆ స్వెట్టరొక్కటే. కళ్లెదుట పెట్టుకోలేక విప్పేసి, గుడారాల బట్టలకి కట్టేశాను. ఆ ఉన్ని అయిపోయి నాలుగేళ్లు.

ఇది ఆ దొర చొక్కా కాదు. అయినా ఉతికి ఇస్త్రీ చేస్తే తనదే అనుకుంటాడు. నా పని నిలుస్తుంది. నీళ్ల తొట్టి దాకా వెళ్లాను కూడా. ఆ ముడి చూసి ముంచలేకపోయాను.

అయిదో గుడారానికి తిరిగి వచ్చేసరికి ముసలావిడ దుప్పట్లన్నీ కింద పడేసి వెతుకుతోంది.

"ఉతికేశారా?" అంది, నా చేతిలో చొక్కా చూసి.

"లేదు మేడం. దొంగసొత్తనుకున్నాను."

ఆవిడ దాన్ని మొహానికి అదుముకుంది. "అయిదేళ్ల కిందట మా ఆయనతో వచ్చి రెండో గుడారంలో దిగాను. ఆ వానాకాలమే ఆయన పోయారు. మీరు తెంపడం మరిచిన దారం, నేనూ తెంపలేదు."

"అది మా అమ్మాయి స్వెట్టరు ఉన్ని," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. "అమ్మాయి లేదు."

 ఆవిడ చిన్న కత్తెర తీసి, ముడి కత్తిరించి, దారాన్ని నా అరచేతిలో పెట్టింది.

న్జోవు దగ్గరికి వెళ్లాను. "దొరకలేదు, బ్వానా."

విమానం వెళ్లింది. ఆ మధ్యాహ్నమే నన్ను పడవెక్కించారు. నడిపేది తిసిలీలె మొగుడే. వాడి చొక్కా వంక చూడబుద్ధి కాలేదు. ఒడ్డున తిసిలీలె చెయ్యి ఊపింది. నా ఒక చేతిలో మూట, రెండో గుప్పెట్లో దారం. నేను ఊపలేదు.