రాజం చేతిలో రెండు ముక్కలు

శనివారం పొద్దున ఆకాశమంతా పల్చటి మబ్బు పరుచుకుని ఉంది. వాన మబ్బు కాదు. బాగా ఎత్తులో, దూది ఏకి వదిలినట్టు పోగులు పోగులుగా పడమరకు కదులుతోంది. నా వడ్లు ఇంకా కొనుగోలు కేంద్రంలోనే కుప్పగా ఉన్నాయి కాబట్టి కాసేపు నిలబడి దాన్నే చూశాను. గాలిలో తడి లేదు. అయినా కుప్ప మీద టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, ఎల్లారెడ్డి బస్టాండుకు వచ్చాను.

లక్ష్మీరాజం అప్పటికే వచ్చి, కామారెడ్డి బస్సు ఆగే చోట నిలబడి ఉన్నాడు. జిలానీ చాయ్ హోటలు పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు కనిపిస్తున్నారు. ఇద్దరూ చూడటం లేదు. నేను మధ్యలో నిలబడ్డాను.

ఏడాది కింద అయితే ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం సతీశ్ టెంట్ హౌస్ వెనక గదిలో నలుగురం రమ్మీ ఆడేవాళ్లం. పైసలు పెట్టేది లేదు. జిలానీ పైసల ఆట ఆడడు, అది మొదటి నుంచి ఆయన పద్ధతి. చింతగింజలతో ఆడేవాళ్లం. ఆయనకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం మా రైతులం కాలిన మోటార్లు తెచ్చి ఆయన ముందర వరసగా పెడతాం. రాజం బీడీ కార్ఖానాలో చాటన్. ఆడవాళ్లు చుట్టి తెచ్చిన బీడీలను చూసి, మంచివి తీసుకుని, పనికిరానివి పక్కకు తీసెయ్యడం ఆయన పని. ముప్పై ఏండ్లుగా అదే పని.

నిరుడు ఒక ఆదివారం రాజం వరసగా ఓడిపోయాడు. ఆయనకు మంచి ముక్కలు పడిన ప్రతిసారీ జిలానీ తన ముక్కలు ముందే పడేసి తప్పుకున్నాడు. రాజం వెనక్కి తిరిగి చూశాడు. గోడకు బీరువా ఉంది, దాని తలుపుకు అద్దం ఉంది.

"అద్దంల నా ముక్కలు చూస్తున్నవ్," అన్నాడు. "దొంగాట ఆడుతున్నవ్."

జిలానీ చేతిలోని ముక్కలు బోర్లా పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు. మాట అనలేదు కాబట్టి నిజమే అయి ఉంటుందని ఊరు అనుకుంది. ఆ తర్వాత ఎల్లారెడ్డిలో ఆయనతో ఆటకు కూర్చునేవాళ్లు లేరు. ఆదివారం సగం షట్టరు దించుకుని, లోపల ఒక్కడే రాగితీగ చుట్టుకుంటూ ఉండేవాడు.

కామారెడ్డిలో పోటీ ఉందని జిలానీకి చెప్పింది నేనే. నిరోష అనే అమ్మాయి గోవాలో పడవ మీద ఉండే కాసినోలో ఏండ్ల తరబడి ముక్కలు పంచింది. పెళ్లయ్యాక కామారెడ్డికి వచ్చి, అత్తగారి ఫంక్షన్ హాలు చూసుకుంటోంది. ముహూర్తాలు లేని శని, ఆదివారాలు చూసి, పేకాట పిచ్చివాళ్లందరికీ పోకర్ నేర్పి ఆడిస్తానని ఫోన్లలో మెసేజ్ పంపింది. పైసలు లేవు, ప్లాస్టిక్ బిళ్లలే. గెలిచినవాళ్లకు ఒక షీల్డు.

"నేనొస్త," అన్నాడు జిలానీ. "ఆడ నన్నెవ్వరు ఎరుగరు. కని భూమన్నా, ఆడ గూడ ఎవడన్న ఆ మాట అన్నడనుకో, ఇగ జిందగీల ముక్క ముట్ట."

రాజం కూడా వస్తాడని అప్పటికి నాకు తెలియదు.

సిరిసిల్ల రోడ్డులో ఉంది ఆ హాలు. గుమ్మం మీద పెండ్లి పూలదండలు ఇంకా తీయలేదు. వాటి కింద 'కామారెడ్డి కాసినో' అని అట్ట మీద రాసి కట్టారు. భోజనాల బల్లల మీద పచ్చ దుప్పట్లు పరిచారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది వచ్చారు. బీర్కూర్ నుంచి వచ్చినాయన అయితే కాసినో అంటే టై కట్టాలేమో అనుకుని కట్టుకునే వచ్చాడు.

నిరోష మైకు లేకుండానే చెప్పింది. "మనిషికి రెండే ముక్కలు, బోర్లా ఇస్త. అవి మీరే చూసుకోవాలె. నడుమ అయిదు ముక్కలు అందరికి కనవడేటట్టు ఒక్కొక్కటి తెరుస్త. మీ రెండు, నడిమివి కలిపి ఎవ్వరిది పెద్దగయితదో వాళ్లది ఆట. నమ్మకముంటె బిళ్లలు ముందట వెట్టుండ్రి. లేకుంటె ముక్కలు వడేసి తప్పుకోండ్రి."

"గింతేనా? పదమూడు ముక్కలు పట్టుకున్న చేతులకు రెండేంది తల్లీ, బీడీ పట్టుకున్నట్టుంటది," అన్నాడు దోమకొండ ప్రేమ్‌కుమార్. ఆయన ఎరువుల దుకాణం మనిషి. నోరు ఊరుకోదు. అందరూ నవ్వారు.

అదే ప్రేమ్‌కుమార్, తన బల్ల దగ్గరికి జిలానీ రాగానే లేచి నిలబడ్డాడు.

"గీన ఎల్లారెడ్డి జిలానీ గదా? నేను గీనతోని కూసోను. అద్దాలల్ల ముక్కలు చూస్తడంట."

జిలానీ కుర్చీ మీద పెట్టిన చెయ్యి తీశాడు. హాలు గడప వైపు చూశాడు. రాజం పక్క బల్ల దగ్గర ఉన్నాడు, తల ఎత్తలేదు.

నిరోష పేక కలుపుతూనే ఉంది. "ప్రేమన్నా, ఈడ అద్దం లేదు. పేక నాది, పంచేది నేను. కూసుంటె కూసో. లేకుంటె బయట చాయ్ పోస్తున్నరు, పొయ్యి తాగు." తర్వాత జిలానీని చూసింది. "కూసో కాకా."

ప్రేమ్‌కుమార్ కూర్చున్నాడు గానీ, తన ముక్కలను రెండు అరచేతులతో మూసి, కోడిపిల్లలను దాచుకున్నట్టు దాచుకుని ఆడాడు. మిగిలినవాళ్లూ అలాగే చేశారు. ఆ బల్ల మీద ఒక్క జిలానీ ముక్కలే మామూలుగా పడి ఉన్నాయి.

నేను మధ్యాహ్నం లోపే ఓడిపోయాను. అబద్ధం ఆడవలసిన ఆట అది, నా మొహానికి రాలేదు. ఓడినవాళ్లు గోడ పక్కన కూర్చోవచ్చు, ఆట గురించి నోరు విప్పకూడదు. నాకు అది కష్టం కాదు. సాయంత్రం దాకా కూర్చుని చూశాను. ఆడేవాళ్లు తగ్గేకొద్దీ బల్లలు కలిపారు, రాజం కూడా జిలానీ ఉన్న బల్లకు వచ్చాడు.

పదమూడు ముక్కలప్పుడు కనబడనిది రెండు ముక్కలప్పుడు కనబడింది. రాజం రెండు ముక్కలూ ఎత్తి చూస్తాడు. పనికిరానివి అయితే వచ్చినవి వచ్చినట్టు వంకరగా వదిలేస్తాడు. మంచివి అయితే ఒకదాని మీద ఒకటి చేర్చి, బల్ల మీద మెల్లగా కొట్టి అంచులు సమం చేస్తాడు. ఆ తర్వాత బొటనవేలితో ఒకసారి నిమురుతాడు. నేను ఎన్నోసార్లు కార్ఖానాకు వెళ్లి ఆయన కోసం కూర్చున్నాను. మంచి బీడీలను కట్ట కట్టే ముందు ఆయన చేసేది అదే. బాగాలేని బీడీని ఎలా పడితే అలా పక్కకు వేస్తాడు. తాను అలా చేస్తున్నానని ఆయనకు తెలియదు. ఆయన కండ్లు జిలానీ చేతుల మీద ఉన్నాయి.

సాయంత్రం చాయ్ దగ్గర జిలానీని పక్కకు పిలిచాను.

"నీకు ఎన్నడెర్కయింది, రాజం చేతుల సంగతి?"

జిలానీ గ్లాసులోకి చూశాడు. "శానా దినాలాయె."

"మరి నిరుడు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? పదిమందిల నీ చెయ్యి గిట్ల జేస్తదే అంటె, తెల్లారేసరికి ఎల్లారెడ్డి మొత్తం ఎరుకైతది. పోరలు గూడ ఆయన్ని ఓడగొడ్తరు. ఆయనకు ఆట తప్ప ఇంకోటి తెల్వదు." ఒక గుటక తాగాడు. "ఇంకోటి, ఆయన అడుగలే. ఎట్ల దెలుస్తుందిరా నీకు అని ఒక్కసారి అడిగితె చెవుల చెప్పేటోన్ని. సీదా దొంగ అన్నడు. ఇగ ఏం జెప్త?"

చివరి బల్లకు మిగిలినవాళ్లలో జిలానీ ఉన్నాడు, రాజం ఉన్నాడు, ప్రేమ్‌కుమార్ ఉన్నాడు. ఆదివారం వాళ్లదే ఆట.

తిరుగు బస్సులో జిలానీ డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. రాజం నా పక్కన, వెనక. లింగంపేట దాటేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

"చూసినవా భూమన్నా? మల్ల గదే. నాకు రెండు ఆసులొస్తె ముందుగాల్నే వడేసిండు. ఈడ అద్దం గూడ లేదు. ఏం మాయజేస్తుండో. రేపు అందర్ల అడుగుత."

అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. జిలానీ మళ్లీ చెప్పులు వేసుకుంటాడు. ఈసారి జిల్లా అంతా చూస్తుండగా.

"రాజం, గాయన నీ ముక్కలు చూస్తలేడు. నీ చేతులు చూస్తుండు."

"ఏంది?"

జేబులోంచి రెండు బస్సు టికెట్లు తీసి, ఆయన చేసినట్టే చేర్చి, ముందు సీటు కడ్డీ మీద కొట్టి, బొటనవేలితో నిమిరి చూపించాను. తర్వాత వంకరగా తొడ మీద పడేశాను. "మంచియి గట్ల. చెడ్డయి గిట్ల. బీడీలు చూసినట్టు."

ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు గూడ ఆయన దిక్కేనా?"

"ఎవ్వల దిక్కు లేను. రేపు ఆడి చూడు."

ఎల్లారెడ్డిలో దిగేదాకా ఆయన తన చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ప్రేమ్‌కుమార్ కూడా ఓడి, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. బల్ల దగ్గర రాజం, జిలానీ ఎదురెదురుగా మిగిలారు. జనం కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. వాళ్లిద్దరి గొడవ అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఊరికే చూడటం లేదు. రాజం నోరు తెరుస్తాడా అని చూస్తున్నారు.

నిరోష ముక్కలు పంచింది. రాజం ఎత్తి చూసుకుని, ఒకటి ఇటు ఒకటి అటు వంకరగా వదిలేశాడు. వదిలిన చెయ్యి వెనక్కి పోవడానికి కష్టపడింది. వేలు ముక్క అంచు దాకా వెళ్లి ఆగింది. జిలానీ ధైర్యంగా బిళ్లలు ముందుకు తోశాడు. చివరకు తెరిచి చూస్తే రాజం దగ్గర రెండు రాణులు. జిలానీ బిళ్లలు సగం దాకా రాజం వైపుకు వచ్చాయి.

జిలానీ బల్ల వైపు చూసి, రాజం చేతుల వైపు చూసి, కొంచెం ముందుకు వంగాడు. రాజం తన చేతుల మీది ఆ చూపును పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే చూశాడు. ఏడాదిలో ఆయన జిలానీ మొహంలోకి చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

మళ్లీ పంచింది. రాజం ముక్కలు ఎత్తి చూసుకున్నాడు. రెండింటినీ చేర్చాడు. బల్ల మీద మెల్లగా కొట్టి అంచులు సమం చేశాడు. బొటనవేలితో నిమిరాడు. నడిమి ముక్కల్లో మొదటి మూడు తెరుచుకున్నాయి. రాజు, తొమ్మిది, నాలుగు. రాజం తన బిళ్లలన్నీ ముందుకు జరిపాడు.

జిలానీ ఆలోచించాడు. తన ముక్కల కొస ఎత్తి మళ్లీ చూసుకున్నాడు. రాజం బొటనవేలు ఇంకా ముక్కల మీదే ఉంది. ఒక్కసారి తప్పినా, ఏండ్లుగా చూసిన ఆ చేతినే నమ్మి జిలానీ తన ముక్కలు పడేశాడు.

అక్కడితో ఆ ఒక్క ఆట అయిపోయినట్టే. ఎదుటివాడు పడేశాక గెలిచినవాడు తన ముక్కలు చూపించనవసరం లేదు. రాజం చూపించాడు. రెండూ తిప్పి, అందరికీ కనబడేలా బల్ల నడుమకు నెట్టాడు. ఇస్పేటు ఏడు, కళావరు రెండు. వాటికి నడిమి ముక్కలతో ఏ సంబంధమూ లేదు. పోకర్‌లో అంతకంటే చెత్త ముక్కలు ఉండవని నిరోష మొదటి రోజే చెప్పింది.

"జిలానీ, నీయి గూడ తియ్యి," అన్నాడు రాజం.

జిలానీ అనుమానంగానే తిప్పాడు. ఆసు, రాజు. నడుమ ఉన్న రాజుతో కలిపితే రాజుల జత.

"ఓర్నీ!" ప్రేమ్‌కుమార్ లేచి నిలబడ్డాడు. "రాజుల జత వట్టుకొని ఏడు, రెండుకు వడేసిండేంది గీన?"

రాజం ఆయన వైపు తిరిగాడు. "గదే జెప్పుతున్న, ప్రేమన్నా. నా ముక్కలు చూసేటోడైతె వడేస్తడా? గీన ఎన్నడు చూడలే. మంచి ముక్కలొస్తె నేనే బీడీల కట్ట లెక్క సద్దుతున్న, చెడ్డయొస్తె వదిలేస్తున్న. నా చేతులే చెప్పుతున్నయి. నాకే ఎరుకలే." జనం వైపు తిరిగాడు. "నిరుడు నేనన్న మాట తప్పు. ఎవ్వలెవ్వలు ఆ మాట మోసిండ్రో, మల్ల వాపసు మొయ్యిండ్రి."

జిలానీ ఏడు, రెండుల వైపే చూస్తున్నాడు.

"నీ చెయ్యి సంగతి అందరికి చెప్పుకుంటివి గదనే రాజమన్నా," అన్నాడు మెల్లగా. "ఇగ నీతోని ఎవ్వలు ఓడుతరు?"

"ఎవ్వలు ఓడకపోతె నేనే ఓడుత. పంచు బిడ్డా."

నిరోష పంచింది. ఆ తర్వాత రాజం ప్రతి ముక్కనూ, మంచిదీ చెడ్డదీ, తిన్నగా సర్ది పెట్టాడు. అయినా ముక్కలు రాలేదు. కొద్దిసేపట్లోనే ఆయన బిళ్లలు కరిగిపోయాయి. షీల్డు జిలానీకి ఇచ్చారు. ప్రేమ్‌కుమార్ వచ్చి జిలానీ చెయ్యి పట్టుకుని, "భాయ్, వచ్చే నెల దోమకొండల వెడ్తున్నం, రావాలె మల్ల," అన్నాడు. వేరే రెండు ఊళ్లవాళ్లు కూడా పిలిచారు. జిలానీ అందరికీ తల ఊపాడు. షీల్డును చంకలో అలాగే పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

జనం తిని వెళ్లిపోయేసరికి పొద్దు వాలింది. నిరోష మా ముగ్గురికి హాలు వెనక వంటల చోట బల్ల వేయించింది. బగారన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు మిగిలాయి. నేను ఒక పక్క కూర్చున్నాను. జిలానీ ఎదురుగా కూర్చున్నాడు. రాజం చేతులు కడుక్కుని వచ్చి, నా పక్కన ఉన్న కుర్చీని ఒకసారి చూసి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి జిలానీ పక్కన కూర్చున్నాడు.

జిలానీ కూర గిన్నె ఆయన వైపు జరిపాడు. రాజం వడ్డించుకుని, జిలానీ విస్తరిలో ఇంకొంచెం వేశాడు. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. నేను రెండోసారి అన్నం పెట్టుకున్నాను. ముగ్గురం కడుపునిండా తిన్నాం.