చెవిలో చెప్పిన మాట

ఆసుపత్రి మంచం మీద కళ్లు మూసుకుని పడున్న మనిషికి ఏమీ వినపడదని లోకం అనుకుంటుంది. కమలాకుమారికి మాత్రం అన్నీ వినపడ్డాయి. గుండెనొప్పితో బరంపురం ఆసుపత్రిలో ఆవిడ ప్రాణం ఉంటుందో పోతుందో తెలియని ఆ మధ్యాహ్నం, కోడలు అపర్ణ మందులకని కిందికి వెళ్లింది. అదే అదనుగా స్నేహితురాలు రహమతున్నీసా చెవి దగ్గరికి వంగి కలిమా చదివింది. అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడని, పోయే ముసల్మానుకు అయినవాళ్లు చివరిసారి వినిపించే మాట అది.

ప్రాణం పోలేదు. మాట మాత్రం మనసులో ముల్లయి కూర్చుంది.

ఇద్దరూ ఒకే బడిలో పంతులమ్మలుగా చేసి రిటైరయ్యారు. ఈవిడ తెలుగు, ఆవిడ లెక్కలు. ఒకరి టిఫిన్ డబ్బా ఒకరు ఖాళీ చేస్తూ వయసు వెళ్లదీసినవాళ్లు. అలాంటిది, తాను ఉన్నదున్నట్టుగా వెళ్తే దేవుడి గుమ్మం తొక్కడానికి పనికిరానని రహమతు అనుకుందా? కమలాకుమారికి కోపం వచ్చింది. కోపం కంటే బాధ ఎక్కువ వేసింది. ఇది తేల్చుకోకుండా చచ్చేది లేదని నిశ్చయించుకుంది.

ఇంటికి పంపుతూ డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. ఫోన్లో మాట్లాడమని అపర్ణ బతిమాలింది. ఫోన్లో అడిగే ప్రశ్నేనా అది? చెప్పులేసుకుని గంజాం బస్సెక్కింది.

పిల్లల్లేక, భర్త పోయి, రహమతు గంజాంలో ఒక్కతే ఉంటోంది. తలుపు తీసి నిర్ఘాంతపోయింది.

"ఏటే, సెప్పకుండా వచ్చేసినావు?"

"ఆ రోజు నా సెవిలో ఏటి సెప్పినావో ఇన్నాను. ఎందుకు సెప్పినావో తెలుసుకుందామని వచ్చాను. నీ తెలుగు ఖురాను తియ్యి."

రహమతు ముఖం పాలిపోయింది. కాదని బుకాయించలేదు. ఖురాను ముట్టేముందు ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ చేసుకుని వచ్చి, పుస్తకం తెరిచి చదివింది. విశ్వాసులైనా, యూదులైనా, క్రైస్తవులైనా, సాబియన్లనే పాత మతంవారైనా, దేవుణ్ణీ అంతిమదినాన్నీ నమ్మి మంచి పనులు చేసినవారికి ప్రతిఫలం ఉంది, వారికి భయం లేదు, దుఃఖం లేదు.

"బాగుంది. ఇందులో నేనెక్కడున్నాను?"

"మంచి పనులు సేసినోల్లంటే నువ్వూ..."

"నాకు గ్రేస్ మార్కులు ఎయ్యకు. నువ్వు దేనికి భయపడ్డావో అది సదువు."

రహమతు పేజీలు తిప్పింది. ఇస్లాం కాక మరో ధర్మాన్ని కోరుకున్నవారి నుంచి అది స్వీకరించబడదు, పరలోకంలో వారు నష్టపోతారు.

"ఇస్లాం అంటే ఇక్కడ పేరు కాదు, దేవుడికి తలొంచడమని కొందరు పెద్దలంటారే. ఇంకొందరు ఒప్పుకోరు. నాకు తేలలేదు."

"ఇంకేటున్నాది?"

ఇంకో చోట తెరిచింది. విశ్వాసులు, యూదులు, సాబియన్లు, క్రైస్తవులు, అగ్నిని కొలిచేవారు, దేవుడికి సాటి కల్పించేవారు, వీరందరి మధ్యా ప్రళయదినాన అల్లాహ్ తీర్పు చేస్తాడు.

కమలాకుమారి నవ్వింది. "అదిగో, ఆఖర్ని ఉన్నది నేనే. మా దేవుడి గది సూసినావు కదా, అగ్గిపెట్టె పెట్టడానికి సోటుండదు."

రహమతు నవ్వలేదు. "తీర్పు ఆయనదని ఇందులోనే ఉన్నాది. ఆ రోజు గుర్తు రాలేదే. నువ్వు లేని సొర్గంలో నేనేటి సేసుకోవాలి? ఆ భయంతో అనేశాను."

కమలాకుమారి కోపమంతా అక్కడికక్కడే కరిగిపోయింది. పట్టు మాత్రం సడలలేదు.

"మళ్లీ నా టైమొస్తే నువ్వే రావాల. సెయ్యి పట్టుకో. సెవిలో మాత్రం ఏటీ సెప్పకు. ఉన్నదున్నట్టుగానే ఎల్తాను. ఆయన ఏటంటాడో అక్కడే తేల్చుకుంటాను. ఒట్టెయ్యి."

రహమతు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"నోరు విప్పను, ఒట్టు. మనసులో అనుకోనని మాత్రం ఒట్టెయ్యలేను."

"మనసులో అనుకో. అది నీకూ ఆయనకీ మధ్య."

రహమతు కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీకు ఇంటినిండా మనుషులున్నారు. నా టైమొస్తే ఆ మాట సెప్పడానికి నాకెవరున్నారే?"

"నేను లేనేటి? ఆ రోజు సక్కగా ఇన్నాను కదా, నోటికొచ్చేసింది. నాకోసం కాదు, నీకోసం సదువుతాను."

దగ్గరికి జరిగి, చెవి దగ్గర వంగి, పాఠం అప్పజెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివింది. రహమతు కళ్లు మూసుకుని వింది.

"మల్లీ సదువు" అంది.