కుడిపక్కకే తిరిగే మొగుడు

క్యాతగానచెర్లులో నా మొగుడి మీద నాకు తప్ప ఇంకెవరికీ అనుమానం లేదు. ఊరి లెక్కలో ఓబన్న నోట్లో నాలుక లేని మనిషి. నాలుక లేకపోతేనేం, మెడ ఉంది కదా! మా అరుగు మీద కూర్చుంటే ఎడమవైపు గొర్రెల దొడ్డి, కుడివైపు ఈరక్క ఇల్లు. నేను దొడ్డిలోంచి "ఇదో" అని పిలుస్తాను. అక్కడ కూర్చున్న ఈయన తల ఠక్కున ఈరక్క ఇంటివైపు తిరుగుతుంది. ఒక్కోసారి లేచి ఆమె గడప దాకా వెళ్లి, లోపలికి తొంగి చూసి, చప్పుడు లేకుండా వెనక్కి వస్తాడు. ఏందని అడిగితే ఏమీ లేదంటాడు. ఏమీ లేకుండా ఒంటరి ఆడమనిషి ఇంట్లోకి ఎవరు తొంగి చూస్తారు?

రెండేళ్లు కడుపులో పెట్టుకున్నాను. ఈరక్కతో మాటలు మానేశాను, ఆ గడప తొక్కలేదు. ఇక నావల్ల కాదు, నిడుగల్లులో మా అన్న ఇంటికి వెళ్లిపోతానని బట్టలు మూట కట్టుకున్న వారంలోనే సోలార్ పార్కులో చెవుల పరీక్ష పెట్టారు. ఈయన అక్కడ ప్యానెళ్ల వరసల మధ్య గడ్డి కోస్తాడు. ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్రాక్టరు ఎటునుంచి వస్తోందో పనివాళ్లకు తెలుస్తోందా అని చూస్తారట. ఇంటివాళ్లు కూడా రావచ్చన్నారు. పోయేలోపు ఈయన్ని ఓ కంట కనిపెట్టినట్టు ఉంటుందని నేనూ వెళ్లాను.

పరీక్ష చేసేది తనుశ్రీ అనే చిన్న వయసు డాక్టరమ్మ. ఈయన కళ్లకు నల్లటి పెట్టెలాంటిది కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. ఆ పెట్టెలో అడవి కనిపిస్తుందట. పిట్ట ఎటు కూస్తే అటు తిరగాలట. కంటిపాపలు ఫోటో తీసుకుని భూములు రాయించుకుంటారని వరసలో నిలబడ్డ కదిరయ్య గుసగుసలు పోతున్నాడు. తన భూమి సంగతి కదిరయ్యే చూసుకుంటాడులే అనుకుని నేను ల్యాప్‌టాప్ దగ్గర చేరాను.

తెర మీద పిట్ట ఉన్నచోట ఎర్ర చుక్క, ఈయన మొహం ఎటుందో చూపే బాణం గుర్తు. చుక్క ఎడమవైపు వెలిగింది. బాణం కుడికి తిరిగింది. మళ్లీ ఎడమవైపే వెలిగింది. మళ్లీ కుడికే తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ అడవిలో కుడిపక్క ఎవురుండారు పాపా? ఆడోళ్లు ఎవురన్నా కనపడతాండారా?"

తనుశ్రీ నవ్వు ఆపుకుంది. "ఎవరూ లేరమ్మా. ఈయనకు ఎడమ చెవి వినపడతా ఉన్నట్టు లేదు. ఒక్క చెవితో వింటే శబ్దం ఎటునుంచి వచ్చిందో పట్టుకోలేరు. బాగుండే చెవి పక్కనుంచే వచ్చినట్టు అనిపిస్తాది. పావగడలో చెవి డాక్టరుకు చూపించండి."

నేను నమ్మలేదు. తప్పు మెడది. చెవి మీదకు నెట్టేస్తే ఊరుకుంటానా?

ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి, పక్కనున్న తీగలు సర్దుకుంటోంది. కళ్ల మీద పెట్టె ఇంకా అలాగే ఉంది. ఇదే అదను అనుకుని ఈయనకు ఎడమవైపు వెళ్లి, చెవి దగ్గర వంగి మెల్లగా అన్నాను.

"ఈరక్క సచ్చిపాయ."

వేలు కూడా కదల్లేదు. మనసు పడ్డ మనిషైతే కుర్చీలోంచి ఎగిరిపడాలి. కుడివైపు వచ్చి అదే మాట, అంతే మెల్లగా అన్నాను.

ఈయన పెట్టెను నుదుటి పైకి లాక్కున్నాడు. "అయ్యో! ఎప్పుడే? మల్లా నీకింక మాట్లాడేదానికి ఎవురుండారే?"

"నాకా? నాకూ ఆయమ్మకూ ఏంది?"

"ఎప్పుడూ ఆయమ్మ ఇంట్లోనే కదా నువ్వు ఉండేది! ఆడ్నుంచే పిలుస్తావు. వచ్చి తొంగి సూస్తే కనపడవు. నా పెండ్లాం యాడని ఆయమ్మను అడిగేదానికి మొగం సాలక తిరిగొచ్చేస్తాంటి." గొంతు తగ్గించాడు. "నాతో కూసోని మాట్లాడేదానికి నీకు మనసు లేదేమో అనుకుంటి."

ఆ మొహంలో దొంగచూపు కోసం వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు. ఆమె చావలేదని చెప్పబోయాను గానీ ఏడుపు తన్నుకొచ్చింది.

"ఊరుకోవే, ఊరుకో. ఎవురికి రాసిపెట్టిండేది వాళ్లకు" అంటూ ఈయన నా వీపు నిమిరాడు.