మూఢంలో తొలి ముద్ద

నేను ఒక వెండి గిన్నెను. అరచేతిలో ఇమిడేటంత దాన్ని. పాలకొల్లులో ఒక కంసాలి నన్ను సుత్తితో కొట్టి కొట్టి లోతు చేశాడు. ఆ లోతుకి ఒకటే కోరిక, నిండాలని. ఆ కోరికని దేవుడి గదిలో పై అరలో బోర్లిస్తే అది కోపంగా మారుతుంది. నాకు అదే జరిగింది.

మంగతాయారు గారి మొదటి కొడుకు అన్నప్రాసనకి ఆవిడ పుట్టింటివాళ్ళు నన్ను చేయించారు. తొలి పాయసం నాలోంచే తిన్నాడు వాడు. పది రోజులు తిరక్కుండా వాంతులూ విరేచనాలూ పట్టుకుని పోయాడు. ఎవరో పంచాంగం తిరగేసి, అది మూఢంలో జరిగిందన్నారు. శుక్రుడు కనిపించని రోజుల్లో శుభకార్యం చేస్తే ఇంతే మరి అన్నారు. మనుషులకి శుక్రుడి మీద నేరం మోపడం తేలిక. ఆయన దిగొచ్చి కాదనడు కదా. నేనూ కాదనలేకపోయాను. ఆ పూట నన్ను దేంట్లో ముంచి తీశారో నాకు తెలుసు.

రెండో కొడుకు భాస్కరానికి మంచి ముహూర్తం చూసి పెట్టారు. బతికాడు. ఇంకేం, మూఢం సంగతి రుజువైపోయింది. ఆ ఏడే వీధిలోకి మంచినీళ్ళ కుళాయి వచ్చిన సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు భాస్కరానికి కొడుకు. మగపిల్లాడికి సరి నెలలోనే అన్నప్రాసన చెయ్యాలి. ఆరో నెల మూఢంలో పడింది. ఏడు బేసి. కాబట్టి ఎనిమిదో నెల దాకా పిల్లాడు ఆగాలన్నారు మంగతాయారు గారు. పిల్లాడి కడుపుని మాత్రం ఎవరూ అడగలేదు.

వాడు ఆగలేదు. తల్లి హైమ అన్నం తింటుంటే ఆమె నోటితోపాటు తన నోరూ తెరిచి మూసేవాడు. కంచం మీదికి దూకేవాడు. ఆమె కంచం పక్కకి జరిపి, కళ్ళు దించుకుని తినేది. టీకా వేయించిన రోజు డాక్టరు గట్టిగానే చెప్పిందట: ఆరు నెలలు నిండాయి, ఇక పాలొక్కటే చాలవు, పాలిస్తూనే పప్పూ అన్నం మెత్తగా మెదిపి, నెయ్యి చుక్క వేసి, ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టమని. ఇంటికొచ్చి చెప్తే, డాక్టరమ్మకి మూఢం గురించి ఏం తెలుసని అత్తగారు కొట్టిపారేశారు. భాస్కరం పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. ఇలాంటప్పుడు మగవాళ్ళకి పేపరు భలే అక్కరకొస్తుంది.

ఈలోగా పిల్లాడి మొలతాడు జారడం మొదలైంది. నెలనెలా బిగుసుకోవాల్సిన తాడు, బొడ్డు కింద వేలాడింది. దిష్టి తగిలిందన్నారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. పొయ్యికి పెట్టారు గానీ పిల్లాడికి మెతుకు పెట్టలేదు. ఆ పూట నాకు చేతులుంటే ఏం చేసేదాన్నో.

మర్నాడు మధ్యాహ్నం హైమ దేవుడి గదిలోకి వచ్చి నన్ను దించింది. వంటింట్లో నీళ్ళు మరుగుతున్నాయి. పక్కన పప్పన్నం మెదిపి ఉంది. గుమ్మంలో మంగతాయారు గారు నిలబడ్డారు.

"అది పెట్టెయ్ హైమా. నా పెద్దాడికి మూఢంలోనే పెట్టాను."

ఆ ఇంట్లో పోయిన పిల్లాడి మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. హైమ నన్ను కింద పెట్టలేదు.

"ఆ రోజు గిన్నె ఏ నీళ్ళతో కడిగారత్తయ్యగారూ?"

"ఏ నీళ్ళేంటి? కాలవ నీళ్ళే. ఊరంతా..."

ఆవిడ ఆగిపోయారు. మనిషి ముఖంలో ఒక నమ్మకం కూలిపోవడం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఆ నమ్మకమే ఆవిడని నిలబెట్టింది. తప్పు ఆకాశానిదైతే తల్లి బతకగలదు. అదే కాలవదైతే ఎలా?

హైమ నన్ను మరిగే నీళ్ళలో వేసింది. ఒళ్ళంతా కాలింది. ఆ మంట ఆనాడు నాకు తగలాల్సింది.

పిల్లాడు మొదటి చెంచా సగం ఉమ్మేశాడు. రెండోది మింగి, గిన్నె వైపు చూసి కాళ్ళు తన్నాడు. మంగతాయారు గారు గుమ్మంలోనే చతికిలబడి, వాడి గొంతు కదలడం చూస్తూ కూర్చున్నారు.

ఎనిమిదో నెలలో బంధువులందరినీ పిలిచి అన్నప్రాసన చేశారు. పుస్తకం, కలం, బంగారం, కత్తి ఎదురుగా పరిచారు. మొలతాడు అప్పటికే ఒకసారి వదులు చేయాల్సొచ్చింది. పిల్లాడు వాటన్నిటినీ దాటుకుంటూ పాకి, పాయసంతో ఉన్న నన్ను పట్టుకున్నాడు. వెండి పట్టాడు, మహారాజవుతాడు అన్నారు చుట్టాలు.

"వెండీ కాదు, గిండీ కాదు. వాడికి ఆకలి," అన్నారు మంగతాయారు గారు. "పెట్టండి ముందు."

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. పిల్లాడు స్టీలు కంచంలో తింటాడు, సగం నేల మీద పోస్తాడు. నా కోపం చల్లారలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవిడ బీరువా తెరిచి నన్ను తీస్తారు. మెరుపు చూసుకోవడానికి కాదు. లోపల వేలు పెట్టి, అడుగంతా తడుముతారు. నేను పొడిగానే ఉంటాను. అయినా కొంగుతో తుడుస్తారు.