గంగమ్మ తూకం

మా అర్పిత సన్నబడాలని పోయిన ఏడు ఆన్‌లైన్‌లో ఒక తూకం మిషన్ తెప్పించింది. గాజుపలక, మీద నిలబడితే ఎర్రంకెలు వస్తాయి. నాలుగు రోజులు ఎక్కి దిగి, అంకె తగ్గలేదని దానిమీదే అలిగి మంచం కిందికి తోసేసింది. నా కూతురే కానీ, తిండి తగ్గించుకోకుండా మిషన్ మీద కోపం తెచ్చుకుంటే ఏం లాభం! ఆ పాడు మిషనే మా కొంప ముంచింది.

నా మనవరాలు వర్షిణికి ఆరో ఏట డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో దాని చిన్న చేతికి సూది గుచ్చి పడుకోబెడితే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా వర్తూరు చెరువు గట్టున గంగమ్మ గుడి ఉంది. "తల్లీ, నా బిడ్డ లేచి తిరిగితే దాని ఎత్తు బెల్లం తూచి నీకిస్తా" అని ఆస్పత్రి నుంచే మొక్కుకున్నాను. బిడ్డ లేచింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు పద్దెనిమిది కిలోలని చెప్పాడు.

చిత్తూరు పక్క పల్లెలో మా తమ్ముడు గురప్పకు సొంత చెరకు గానుగ ఉంది. తూచకుండానే పెద్ద మూట కట్టుకొచ్చాడు. మంచం కింది మిషన్‌ను ఈడ్చి వరండాలో పెట్టి, దానిమీద బెల్లం అచ్చులు పేర్చాం. పద్దెనిమిది రాగానే గురప్ప చేతులు దులుపుకున్నాడు. మూటలో సగానికి పైగా మిగిలిపోయింది.

"ఎక్కువే తెచ్చినా లేక్కా, మీరు తినండి" అన్నాడు. తూచినదాన్ని సంచిలో వేసి భుజానికెత్తుకుని, "పద్దెనిమిది కిలోలు ఇంత తేలికగా ఉండాదేమి?" అని నవ్వాడు.

"గంగమ్మే మోస్తాండాది పో" అన్నాను నేను.

మిగిలింది మేమే తిన్నాం. ఓళిగలు, పాయసాలు, ఏమీ లేకుంటే ఉత్త ముక్కలు. వర్షిణి జేబులో వేసుకుని తిరిగింది. అందరికంటే ఎక్కువ తిన్నది మాత్రం నేనే. బెల్లమంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి.

మూట అయిపోయిన వారం నుంచి వర్షిణి తగ్గడం మొదలుపెట్టింది. జ్వరం లేదు, దగ్గు లేదు, అన్నం బాగానే తింటోంది. డాక్టరు దగ్గరికి పోతే పదిహేడు. మళ్లీ పోతే పదహారు. రక్తం తీశారు, ఫొటోలు తీశారు, షుగరు కూడా లేదన్నారు. గౌను భుజాల మీంచి జారిపోతుంటే అర్పిత పిన్నీసులు పెట్టేది.

ఒకరోజు పొద్దున దాని పక్క సర్దబోయి దిండు ఎత్తాను. దిండు నిండా ఎర్రచీమలు. దులిపితే మళ్లీ వచ్చాయి. గలేబు మార్చినా వచ్చాయి.

"అవ్వా, నా నోరంతా తియ్యగా ఉండాది" అంది బిడ్డ. పళ్లు తోమించి చూశాను. "ఇంకా ఉండాది" అంది.

రోజూ డాక్టరు దగ్గరికేం పోతామని అర్పిత మిషన్‌ను బయటికి తీసింది. వర్షిణి ఎక్కగానే ముప్పై ఐదు వచ్చింది. ముప్పై ఐదు! నేను రెండు చేతులూ ఎత్తి గంగమ్మకు దండం పెట్టాను. అర్పిత వంగి అంకె పక్కన ఉన్న చిన్న అక్షరాలు చూసింది.

"అమ్మా, ఇవి కిలోలు కాదు. పౌండ్లు."

"పుట్టిన బిడ్డకూ కేకుకూ తప్ప పౌన్లు ఎవరికే?"

"మిషన్ అడుగున బటన్ ఉండాదిమా. ఈడ్చినప్పుడు నొక్కుకుపోయింటాది. రెండు పౌండ్ల మీద ఇంకొంచెం కలిపితే ఒక కిలో. ముప్పై ఐదంటే మళ్లీ ఆ పదహారే."

నేను నేలమీద కూలబడ్డాను. బిడ్డ కోసం కాదు, బెల్లం కోసం. ఆరోజు తూచిన పద్దెనిమిది కూడా పౌన్లే. అంటే గంగమ్మకు చేరింది ఎనిమిది కిలోలు. తక్కిన పది కిలోలు మా కడుపుల్లోకి పోయాయి.

ఆ సాయంత్రమే అంగట్లో పది కిలోలు కొని, వాడి కాటాలోనే తూయించి గుడికి పట్టుకుపోయాను. వారం చూశాం. వర్షిణి ఇంకో కిలో తగ్గింది. గుడి చూసుకునే అక్కయమ్మ నా పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది.

"గంగమ్మ అంగడి బెల్లం అడగలే భాగీరథమ్మా. ఆయమ్మ పేరు చెప్పి తెచ్చింది ఎవురి కడుపులోకి పోయిందో, ఆ కడుపులోంచే రావల్ల."

ఇంటికొచ్చి మిషనెక్కాను. నూట ఆరు పౌన్లు. మళ్లీ గుడికి పోయి, గడపలో నిలబడి గట్టిగానే అడిగాను. "ఏం తల్లీ, ఎక్కువ తిన్నది ముసిల్ది కదా, పసిదాన్ని పీక్కుతింటావా? పది బాకీ ఉండాను. నాలోంచి తీసుకో."

పది అన్నాను. ఏం పదో చెప్పలేదు. మరిచిపోయి కాదు. గంగమ్మతోనైనా బేరమాడే మనిషిని నేను. ముందు పౌన్లలో పుచ్చుకుంది కదా, ఇప్పుడూ పౌన్లలోనే పుచ్చుకోనీ అనుకున్నాను.

మర్నాటి నుంచి వర్షిణి దిండు మీద ఒక్క చీమ లేదు. పిన్నీసులు ఒక్కొక్కటే ఊడాయి. చీమలు నా దిండుకు మారాయి. అర్పిత లేవకముందే దులిపేసుకుంటున్నాను. గాజులు మోచేతి దాకా జారుతుంటే చీర కొంగు కప్పుకుంటున్నాను. "డాక్టరు దగ్గరికి పోదాం దామా" అని అది పోరుతూనే ఉంది. ఈ వయసులో సన్నబడితే మంచిదేలే, నీవల్ల కానిది నావల్ల అయిందని నవ్వించాను.

నిన్న తొంభై ఆరు వచ్చింది. పది పౌన్లు తీరిపోయాయి. ఇంక ఆగుతుందని గంగమ్మకు దీపం పెట్టి, కడుపు నిండా తిని పడుకున్నాను.

ఈ పొద్దున కళ్లు తెరవగానే చెంప మీద చీమ పాకింది. లేచి మిషనెక్కాను. తొంభై ఐదు. దిగి మళ్లీ ఎక్కాను. తొంభై ఐదే. గంగమ్మ కిలోల్లోనే లెక్కేస్తోంది. ఇంకా పదకొండు పౌన్లు. అంత పోతే నాలో మిగిలేదేముంది?

"అవ్వా, దిగు, నేనెక్కల్ల!" అంటూ వర్షిణి నన్ను తోసేసి మిషనెక్కింది. నలభై.

"దండిగా ఉండావే నా తల్లీ" అన్నాను.

అది తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఏడుస్తాండావా అవ్వా?"

"లేదమ్మా, నోరు తియ్యగా ఉండాది, అంతే."